మొల్ల ముఖం ఎలా ఉండేది?

మన ఇళ్ళల్లో గోడలకు ఫొటోలు ఉంటాయి. పెళ్ళి ఫొటో ఉంటుంది. తాత ఫొటో ఉంటుంది. అవ్వ ఫొటో మాత్రం కొన్ని ఇళ్ళల్లోనే ఉంటుంది. అదీ పింఛను కోసమో, రేషన్ కార్డు కోసమో తీయించినదై ఉంటుంది. మరి అవ్వకు అవ్వ సంగతేమిటి? ఆమె ముఖం ఎలా ఉండేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక్కోసారి ఆమె పేరు కూడా తెలియదు.

ఆతుకూరి మొల్ల పేరు మనకు తెలుసు. ముఖం తెలియదు.

మొల్ల కవయిత్రి. అంటే కవిత్వం రాసిన స్త్రీ. తెలుగులో రామాయణం రాసింది. సుమారు ఐదు వందల ఏళ్ళ కిందటి మనిషి. తండ్రి పేరు కేసన. ఊరు గోపవరం. ఆ ఊరు కడప జిల్లాలో బద్వేలు దగ్గర ఉందని చాలామంది అంటారు. జనం ఆమెను కుమ్మర మొల్ల అని పిలుచుకుంటారు. కుమ్మరి ఇంటి ఆడపిల్ల అని చెప్పుకుంటారు. మొల్ల అంటే మల్లె జాతి పువ్వు.

తనకు పెద్ద చదువు లేదని మొల్లే తన పుస్తకంలో చెప్పుకుంది. విన్న వెంటనే అర్థం కాని కవిత్వం ఎందుకని కూడా అడిగింది. అందుకే ఆమె పద్యాలు తేలికగా ఉంటాయి. చదివేవాళ్ళు చదువుతుంటే, చదువు రానివాళ్ళు కూడా కూర్చుని వినగలరు.

ఆ పద్యాలు ఐదు వందల ఏళ్ళు నిలిచాయి. ఆమెను చూసి ఎవరైనా ఒక బొమ్మ గీశారా? గీసినట్టు ఆధారం లేదు. ఇంచుమించు ఆ రోజుల్లోనే శ్రీకృష్ణదేవరాయలు విజయనగరాన్ని ఏలాడు. తిరుమల గుడిలో ఆయన విగ్రహం ఉంది. పక్కన ఇద్దరు రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలు ఉన్నాయి. ముగ్గురూ చేతులు జోడించి నిలబడి ఉంటారు. గుడికి వెళ్ళినవాళ్ళు ఇప్పటికీ వాళ్ళను చూస్తారు. రాణులకు లోహంతో విగ్రహాలు పోయించే స్తోమత ఉంది. కుమ్మరి ఇంటి పిల్లకు ఎవరు పోయిస్తారు?

అయినా మొల్ల బొమ్మలు మనకు కనిపిస్తున్నాయి. హైదరాబాదులో ట్యాంక్‌బండ్ మీద మొల్ల విగ్రహం ఉంది. 2017లో తపాలా శాఖ మొల్ల బొమ్మతో స్టాంపు తెచ్చింది. 1970లో "కథానాయిక మొల్ల" అనే సినిమా వచ్చింది. అందులో వాణిశ్రీ మొల్లగా వేసింది. ఆ సినిమా చూసినవాళ్ళకు మొల్ల అనగానే వాణిశ్రీ ముఖమే గుర్తొస్తుంది. ఇందులో వాణిశ్రీ తప్పేమీ లేదు. ముఖం లేని చోట, ముందు వచ్చిన ముఖమే కూర్చుంటుంది.

మరి చూడని మనిషికి శిల్పి ముఖం ఎలా చేస్తారు? ఎక్కడి నుంచి తెస్తారు?

ముందు మట్టి

పెద్ద విగ్రహం రాతిదైనా, కంచుదైనా, చాలామంది శిల్పులు ముందు తలను మట్టిలో చేసి చూసుకుంటారు. కారణం మనకు తెలిసినదే. రాతిలో ఉలి జారితే ముక్కు పోయినట్టే. మట్టిలో ముక్కు బాగా లేకపోతే తీసేసి ఇంకో ముద్ద పెట్టుకోవచ్చు. పదిసార్లు మార్చినా మట్టి ఏమీ అనదు.

అన్ని మట్టులూ దీనికి పనికిరావు. నల్లరేగడి ఎండితే పగుళ్ళు వేస్తుంది. వేసవిలో పొలం చూస్తే తెలుస్తుంది. ఇసుక మట్టి ముద్ద కట్టదు. చెరువు అడుగున దొరికే బంకమన్ను మంచిది. దాన్ని ఎండబెట్టి, కొట్టి, నీళ్ళలో నానేస్తారు. పలచగా కలిపి గుడ్డలో వడకడతారు. రాళ్ళు, వేళ్ళు, గడ్డి పోతాయి. అడుగున మెత్తటి మన్ను నిలుస్తుంది. పైన తేరిన నీళ్ళు వంచేసి, కాస్త గట్టిపడే దాకా నీడలో ఆరనిస్తారు.

ఆ మట్టిలో పగిలిన కుండ పెంకుల పొడి కలుపుతారు. పెంకులను దంచి జల్లెడ పట్టాలి. నాలుగు పాళ్ళ మట్టికి ఒక పాలు పొడి చాలు. ఒకసారి కాలిన పెంకు మళ్ళీ కుంచించుకుపోదు. అది లోపల ఉంటే బొమ్మ పగలకుండా నిలుస్తుంది. పాత కుండ కొత్త తలకు బలం ఇస్తుందన్నమాట.

తరువాత మట్టిని తొక్కాలి, పిసకాలి. పూరీ పిండి పిసికినట్టు పైపైన పిసికితే చాలదు. లోపల గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. తీగతో ముద్దను రెండుగా కోసి చూస్తారు. కోసిన చోట చిన్న చిల్లులు కనిపిస్తే మళ్ళీ పిసుకుతారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. చాలా కుమ్మరి ఇళ్ళల్లో మట్టి మోసేది, జల్లించేది, తొక్కేది ఆడవాళ్ళే. సారె మీద కూర్చునేది మాత్రం మగవాళ్ళు. ఆడవాళ్ళు సారె తిప్పకూడదనే కట్టుబాటు చాలా చోట్ల ఉండేది. మొల్ల ఇంట్లో ఎలా ఉండేదో గాని, తల చేయడానికి సారె అక్కరలేదు. చేతులే చాలు.

గుంజ, గడ్డి, ముద్ద

ఒక శిల్పి మొల్ల తల చేస్తోంది అనుకుందాం.

ఆమె ఒక దళసరి పలక తీసుకుంటుంది. దాని మధ్యలో జానెడున్నర కర్ర ముక్కను నిలబెట్టి మేకులు కొడుతుంది. మెడలో ఎముక ఉన్నట్టు తలకు ఇది ఆధారం. కర్ర పైన పాత కాగితాలను ఉండగా చుట్టి, పురికొసతో బిగిస్తుంది. కొందరు గడ్డి చుడతారు. వినాయకుడి బొమ్మ లోపల గడ్డి చుట్టడం మనం చూసిందే. తల మొత్తం మట్టితోనే చేస్తే బరువుకు కిందికి జారిపోతుంది. అందుకే లోపల ఈ ఉండ.

తల ఎంత పెద్దది చేయాలి? పెద్ద మనిషి తల, నడినెత్తి నుంచి గడ్డం దాకా సుమారు తొమ్మిది అంగుళాలు ఉంటుంది. శిల్పి పది అంగుళాలు చేస్తుంది. ఎందుకంటే మట్టి ఆరితే చిన్నదవుతుంది. కాలితే ఇంకా కొంచెం చిన్నదవుతుంది. మొత్తం మీద పదో వంతు దాకా తగ్గుతుంది. మట్టిని బట్టి కాస్త అటూ ఇటూ.

ఇప్పుడు ముద్దలు పెట్టడం మొదలవుతుంది. నేర్చుకునేవాళ్ళు వెంటనే కళ్ళు, ముక్కు పెట్టాలని తొందరపడతారు. పని తెలిసినవాళ్ళు ముఖం జోలికే పోరు. ముందు పుర్రె రావాలి. పుర్రె అంటే కోడిగుడ్డు లాంటిది. గుడ్డు సన్నటి కొన ముందుకు, కిందికి వాలి ఉంటుంది. అది గడ్డం వైపు. లావు కొన వెనుక, పైన ఉంటుంది. పక్క నుంచి చూస్తే తల ఎంత పొడవో, ముందు నుంచి వెనక్కి దాదాపు అంతే ఉంటుంది. చాలామంది ఈ వెనుక భాగం మరిచిపోతారు. అప్పుడు తల ముందు నుంచి బాగుంటుంది. పక్క నుంచి చూస్తే చేటలా ఉంటుంది.

మెడ నిటారుగా పెట్టకూడదు. మెడ ముందుకు వాలి ఉంటుంది. నెత్తిన బిందె ఉన్నప్పుడు మెడ నిలువుగా ఉంటుంది. బిందె దించగానే ముందుకు వాలుతుంది. పక్కన కూర్చున్న మనిషిని చూడండి, తెలుస్తుంది.

మీ ముఖాన్నే తడిమి చూడండి

ముఖానికి కొలతలు ఉన్నాయి. పుస్తకం అక్కరలేదు. మీ చేయి చాలు.

అరచేతిని ముఖం మీద పెట్టండి. మణికట్టు దగ్గరి భాగాన్ని గడ్డం కొనకు ఆనించండి. మధ్యవేలు ఎక్కడిదాకా వచ్చింది? నుదురు పైన, ఇంచుమించు జుట్టు మొదలయ్యే చోటికి వస్తుంది. 

ఇప్పుడు ఒక ప్రశ్న. తలలో కళ్ళు ఎక్కడ ఉన్నాయి? పైన ఉన్నాయని చాలామంది చెబుతారు. పిల్లలు బొమ్మ గీస్తే కళ్ళు నుదుటి మీద గీస్తారు. నిజానికి కళ్ళు సరిగ్గా నడుమ ఉన్నాయి. నడినెత్తి నుంచి కంటి దాకా ఎంతో, కంటి నుంచి గడ్డం దాకా అంతే. దారం పెట్టి కొలిచి చూడండి. మనం ఎప్పుడూ ముఖాన్నే చూస్తాం. జుట్టు కింద ఉన్న తలను లెక్కలోకి తీసుకోం. అందుకే పొరపాటు పడతాం.

రెండు కళ్ళ మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటు ఉంటుంది. చెవి పై అంచు కనుబొమకు సూటిగా ఉంటుంది. చెవి తమ్మె ముక్కు కొనకు సూటిగా ఉంటుంది. పక్క నుంచి చూస్తే చెవి తలకు నడుమ కంటే కాస్త వెనక్కి ఉంటుంది. జుట్టు మొదలు నుంచి కనుబొమ దాకా ఒక పాలు. కనుబొమ నుంచి ముక్కు కింది దాకా ఒక పాలు. అక్కడి నుంచి గడ్డం దాకా ఒక పాలు. మూడూ ఇంచుమించు సమానం.

ఇవి అందరికీ ఒకే కొలతలా? కాదు. ఒకరికి నుదురు వెడల్పు. ఒకరికి గడ్డం కురచ. ఆ చిన్న తేడాలతోనే మనం దూరాన వస్తున్న మనిషిని గుర్తుపడతాం. కొలత తెలిసిన శిల్పికే ఎక్కడ కొలత తప్పాలో తెలుస్తుంది. మన ముఖంలో కుడి, ఎడమ కూడా ఒక్కలా ఉండవు. ఒక కనుబొమ కాస్త పైకి ఉంటుంది. నవ్వితే ఒక పక్క ఎక్కువ సాగుతుంది. రెండు పక్కలూ అచ్చుగుద్దినట్టు చేస్తే అది మనిషి ముఖం కాదు, తోలుబొమ్మ ముఖం అవుతుంది.

కన్ను చేయడం అన్నిటికన్నా కష్టం. కన్నును పైన గీసేస్తే రాదు. ముందు బొటనవేలితో రెండు గుంతలు నొక్కాలి. ఒక్కొక్క గుంతలో ఉసిరికాయంత మట్టి ఉండ పెట్టాలి. అది కనుగుడ్డు. దాని మీద పలచటి మట్టి పట్టీలు కప్పాలి. అవి రెప్పలు. పై రెప్ప ముందుకు వచ్చి నీడ ఇస్తుంది. కింది రెప్ప కొంచెం లోపలికి ఉంటుంది. నల్లగుడ్డు ఉన్న చోట చిన్న గుంట తీస్తారు. మట్టికి నలుపు రంగు వేయక్కరలేదు. గుంటలో నీడ పడుతుంది. ఆ నీడే చూపు.

పెదవులు కూడా చదునుగా ఉండవు. వాటి వెనుక పళ్ళ వరుస వంపుగా ఉంది. పెదవులు ఆ వంపు మీద వాలి ఉంటాయి. నాలుకతో లోపల తడిమితే తెలుస్తుంది. పళ్ళు ఊడిన అవ్వకు పెదవులు లోపలికి పోతాయి. గడ్డం, ముక్కు దగ్గరవుతాయి. కాబట్టి వయసు చూపాలంటే ముడతలు గీస్తే చాలదు. లోపలి ఎముక, పళ్ళు, కండ ఏమయ్యాయో తెలియాలి.

ఎవరి ముఖం పెట్టాలి?

ఇంతవరకు చెప్పింది ఏ తలకైనా పనికొస్తుంది. ఇప్పుడు మొల్ల దగ్గరికి రావాలి.

చనిపోయిన మనిషి పుర్రె దొరికితే ఒక దారి ఉంది. ముఖంలో కండ ఎక్కడ ఎంత మందం ఉంటుందో వైద్యులు కొలిచి పెట్టారు. నుదుటి మీద పలచగా ఉంటుంది. చెంపల మీద మందంగా ఉంటుంది. ఆ లెక్క ప్రకారం పుర్రె మీద మట్టి పెడుతూ పోతే ముఖం వస్తుంది. రష్యాలో గెరాసిమోవ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ పనిలో పేరు పొందాడు. 1941లో సమర్కందులో తైమూరు అనే రాజు సమాధి తెరిచారు. తైమూరు 1405లో చనిపోయాడు. ఆ పుర్రెను బట్టి గెరాసిమోవ్ తైమూరు ముఖం తయారు చేశాడు. ఇప్పుడు ఈ పద్ధతి పోలీసులకు కూడా పనికొస్తోంది. ఎవరో తెలియని శవం దొరికితే, ముఖం చేసి చూపించి ఆచూకీ తీస్తారు.

మొల్లకు ఆ ఆధారం కూడా లేదు. ఊహించడమే దారి.

ఇలా ఊహించి చేసిన ముఖాలు లోకంలో చాలా ఉన్నాయి. కన్యాకుమారిలో సముద్రం మధ్య తిరువళ్ళువర్ విగ్రహం ఉంది. పీఠంతో కలిపి 133 అడుగులు. 2000వ సంవత్సరం జనవరి 1న దాన్ని ఆవిష్కరించారు. తిరువళ్ళువర్ తమిళంలో తిరుక్కురళ్ రాసిన కవి. ఆయనను చూసి గీసిన బొమ్మ ఒక్కటీ లేదు. గ్రీసు దేశపు కవి హోమరుకు కూడా తలలు చేశారు. గుడ్డివాడని, ముసలివాడని, గడ్డం ఉందని చేశారు. ఆయన కాలానికి ఎన్నో వందల ఏళ్ళ తరువాత చేసినవి అవి. కవి అంటే గడ్డం ఉన్న ముసలాయన అని అందరికీ ఒక అలవాటు. మరి కవయిత్రి అంటే?

ఊహ అంటే తోచింది చేయడం కాదు. శిల్పి తనను తాను ప్రశ్నలు అడుగుతుంది.

ఏ వయసు మొల్లను చేయాలి? రామాయణం ఒక్క రోజులో రాసేది కాదు. పదహారేళ్ళ పిల్ల ముఖం సరిపోతుందా? నలభై దాటిన ముఖం అయితే? శిల్పి నలభై వైపు మొగ్గిందనుకుందాం. అప్పుడు చెంపల నునుపు తగ్గించాలి. కళ్ళ కింద కొంచెం వదులు రావాలి. ముక్కు పక్క నుంచి పెదవి మూల దాకా గీత కనబడాలి. గీతను పుల్లతో గీయకూడదు. చెంపను కాస్త కిందికి జార్చితే గీత దానంతట అదే వస్తుంది.

ఏం పని చేసింది? ఎండలో తిరిగిన మనిషి కళ్ళు చికిలించి చూస్తుంది. కంటి చివర సన్నటి ముడతలు పడతాయి. ఆవం పొగ తగిలిన కళ్ళకు ఇంకా ఎక్కువ. మొల్ల మట్టి పని చేసిందని ఎవరూ రాసి పెట్టలేదు. కుమ్మరి ఇంటి మనిషి కాబట్టి చేసి ఉంటుందని అనుకోవచ్చు. ఆ అనుకోవడం న్యాయమైనదే. జొన్న, కొర్ర, రాగి పండే నేల మనిషి. కడప ఎండ ఎరిగిన మనిషి. ఆ ఒళ్ళు, ఆ ఎముక ఎలా ఉంటాయి? శిల్పి సంతకు వెళ్ళి కూర్చుంటుంది. కుండలు అమ్మే ఆడవాళ్ళను చూస్తుంది. ఒకరి నుదురు, ఇంకొకరి దవడ, వేరొకరి మెడ కాగితం మీద గీసుకుంటుంది. ఒక్కరి ముఖాన్నే మొత్తం తీసుకోదు. తీసుకుంటే అది ఆమె బొమ్మే అవుతుంది, మొల్ల బొమ్మ కాదు.

కొప్పు ఎలా ఉండాలి? చెవులకు ఏం పెట్టాలి? దీనికి కొంత ఆధారం దొరుకుతుంది. లేపాక్షి గుడి కప్పు మీద రంగుల బొమ్మలు ఉన్నాయి. అవి విజయనగర రాజుల కాలంలో వేసినవి. ఆడవాళ్ళ కొప్పులు, చీరల అంచులు, చెవి కమ్మలు అందులో కనిపిస్తాయి. పాత శిల్పాల్లో చెవి తమ్మెలు సాగి ఉంటాయి. బరువైన కమ్మలు పెట్టేవారు. కాని జాగ్రత్త. గుడి గోడల మీద ఉన్నవాళ్ళు ఎక్కువగా దేవతలు, రాణులు, నాట్యం చేసేవాళ్ళు. వాళ్ళ నగలన్నీ తెచ్చి మొల్లకు పెడితే ఎలా? తమ్మె కాస్త సాగదీసి, మామూలు కమ్మ పెడితే చాలు. ముక్కుపుడక సంగతీ ఆలోచించాలి. వెయ్యేళ్ళ కిందటి గుడి శిల్పాల్లో స్త్రీల ముక్కుకు పుడక కనిపించదు. అది తరువాత వచ్చిన అలవాటు. సందేహం ఉన్న చోట పెట్టకపోవడమే మేలు.

అసలు చిక్కు అందం దగ్గర వస్తుంది. సన్నటి ముక్కు, పెద్ద కళ్ళు, చిన్న నోరు పెడితే చూసినవాళ్ళు బాగుందంటారు. కేలండరు మీద లక్ష్మీదేవిలా ఉందంటారు. డబ్బు ఇచ్చి చేయించేవాళ్ళు కూడా అదే అడుగుతారు. కాని ఊహించిన ముఖం ఒకసారి నిలబడితే, జనం దాన్నే నిజమని నమ్ముతారు. పిల్లలు ఆ ముఖాన్నే చూసి పెరుగుతారు. కవిత్వం రాసే ఆడది తెల్లగా, నాజూగ్గా, నగలతో ఉంటుందని అనుకుంటారు. చెయ్యి పగిలిన ఆడది, ఎండకు కమిలిన ఆడది రాయలేదని అనుకుంటారు. ఎవరూ నోటితో చెప్పకుండానే ఆ మాట పిల్లల మనసులో పడిపోతుంది. కాబట్టి ముక్కు ఎంత వెడల్పు పెట్టాలన్నది చిన్న విషయం కాదు.

శిల్పి వెడల్పు ముక్కు పెట్టవచ్చు. దవడ బలంగా చేయవచ్చు. పెదవులు దళసరిగా ఉంచవచ్చు. అదీ ఊహే. కాని ఆ నేల మీద, ఆ పని చేసేవాళ్ళలో ఇప్పటికీ కనిపించే ముఖం అది.

ఇక చూపు. దేవతకైతే చిరునవ్వు పెడతారు. మొల్లకు ఏం పెట్టాలి? మాట కోసం వెతికే మనిషిని చూశారా? లెక్క కట్టేటప్పుడు, మరిచిపోయిన పాట గుర్తు చేసుకునేటప్పుడు మన కళ్ళు కాస్త పక్కకు, కిందికి పోతాయి. పెదవులు ముడుచుకోవు, విడిపోవు. మధ్యలో ఆగుతాయి. తల ఒక పక్కకు కొంచెం ఒరుగుతుంది. ఎవరో చెబుతుంటే వింటున్నట్టు ఉంటుంది. శిల్పి ఇంకా మట్టి తడిగా ఉండగానే మెడను గోరంత పక్కకు తిప్పుతుంది. ఆ గోరంతతో ముఖం మారిపోతుంది.

పని చేస్తున్నంత సేపూ పలకను తిప్పుతూ ఉండాలి. ముందు నుంచి, పక్క నుంచి, వెనుక నుంచి, మోకాళ్ళ మీద కూర్చుని కింది నుంచి చూడాలి. సాయంత్రం దీపం పక్కగా పెట్టి చూస్తే, పగలు కనబడని గుంటలు, మిట్టలు బయటపడతాయి. అద్దంలో చూస్తే వంకర తెలుస్తుంది. రాత్రి తడిగుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ కాగితం చుడతారు. లేకపోతే తెల్లారేసరికి ముక్కు, చెవులు ముందు ఎండి పగులుతాయి.

తొలిచి, ఆరబెట్టి, కాల్చడం

తల తయారైంది. ఇంత దళసరి ముద్దను అలాగే కాలిస్తే పగిలిపోతుంది. లోపల తొలవాలి.

మట్టి మరీ మెత్తగానూ, మరీ గట్టిగానూ లేని సమయం చూడాలి. గోరు పెడితే గుర్తు పడాలి గాని వేలు దిగకూడదు. అప్పుడు నడినెత్తిని తీగతో టోపీలా కోసి తీస్తారు. లోపలి కాగితం ఉండ లాగేస్తారు. చెంచాతో మట్టి తవ్వి తీస్తారు. గోడ మందం ఒక వేలి మందం మిగలాలి. ముక్కు వెనుక, చెవుల వెనుక ఎక్కువ మట్టి ఉంటుంది. అక్కడా తవ్వాలి. ఎంత కష్టపడి చేసిన ముఖమైనా ఇప్పుడు చేతిలో ఉట్టి చిప్ప. ఈ పని చేసేటప్పుడు ఎవరూ మాట్లాడరు.

తరువాత టోపీని మళ్ళీ పెట్టాలి. రెండు అంచులనూ పుల్లతో గరుకుగా గీస్తారు. మట్టిని నీళ్ళలో గంజిలా కలిపి ఆ అంచులకు పూస్తారు. నొక్కి అతికి, అతుకు మీద వేలితో రుద్దుతారు. మెడ కింద గాలి పోయేందుకు చిల్లు ఉంచడం మరవకూడదు.

రెండు, మూడు వారాలు నీడలో ఆరాలి. తొందరపడి ఎండలో పెడితే పైన ఎండి లోపల తడి ఉంటుంది. పైభాగం కుంచించుకుంటుంది, లోపలిది కుంచించుకోదు. చర్మం చీలినట్టు చీలుతుంది. తల ఆరిందో లేదో చెంపకు ఆనించి చూస్తారు. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

కాల్చడం కుమ్మరి ఆవంలోనే చేయవచ్చు. కుండల మధ్య తలను పెడతారు. పిడకలు, కట్టెలు, గడ్డి పేర్చి పైన మట్టి మెత్తుతారు. మొదట మంట చాలా చిన్నగా ఉండాలి. ఎంత ఆరినా మట్టిలో కంటికి కనబడని తడి ఉంటుంది. అది ఆవిరి అవుతుంది. ఇడ్లీ పాత్రలో ఆవిరికి దారి లేకపోతే మూత ఎగురుతుంది కదా. మట్టి తలలోనూ అంతే. మంట ఒక్కసారి పెంచితే ఆవిరి ముఖాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. నెల రోజుల పని ఒక్క శబ్దంతో పోతుంది. గాలి బుడగలో తడి చిక్కుకున్నా అంతే. అందుకే మొదట్లో అంతగా పిసికింది.

తరువాత మంట పెంచుతారు. మట్టి ఎర్రగా కణకణలాడుతుంది. ఆరిపోయాక కూడా వెంటనే తెరవరు. ఆవం పూర్తిగా చల్లారాలి. వేడి తల మీద చల్లగాలి తగిలినా పగులుతుంది. చల్లారే దాకా ఆగడమే కష్టం. మట్టిలో ఇనుము ఉంటుంది కాబట్టి తల ఎర్రగా వస్తుంది. పొగ పట్టిన చోట నల్లగా ఉంటుంది. ఆ నలుపు చెంప మీద పడవచ్చు, నుదుటి మీద పడవచ్చు. శిల్పి చేతుల్లో లేదు అది.

కంచు విగ్రహం కావాలంటే పని ఇంకా ఉంటుంది. అలాంటప్పుడు మట్టి తలను కాల్చకుండానే, తడిగా ఉండగా దాని మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. అచ్చు విప్పేటప్పుడు మట్టి తల చాలాసార్లు చెదిరిపోతుంది. వీధిలో నిలబడే విగ్రహాన్ని అందరూ చూస్తారు. దానికి మూలమైన మట్టి ముఖాన్ని చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు.

కాల్చిన తలనైతే ఆవం నుంచి తీసి, బూడిద ఊది, వేలి కణుపుతో తడతారు. సంతలో కుండ కొనేటప్పుడు మనం చేసే పనే. ఖంగుమని మోగితే బాగా కాలినట్టు. బొదబొదమంటే ఎక్కడో పగులు ఉంది. శిల్పి నుదుటి మీద ఒకసారి, మెడ మీద ఒకసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటుంది.